పాల వాహకత సెన్సర్: ఉష్ణోగ్రత సవరణ చేస్తే తేడా పోలేదు, తిరగబడింది. ఎందుకు?

హేమ_చంద్రగిరి:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎలక్ట్రానిక్స్‌లో ఎంటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. మా ఇంట్లో ఆరు సంకరజాతి జెర్సీ ఆవులున్నాయి. పోయిన ఏడాది వాటిలో ఒకదానికి పొదుగువాపు వచ్చి, మేం గమనించేలోపే ఒక చన్ను పూర్తిగా ఎండిపోయింది. అందుకే పాలలో విరుగులు కనబడకముందే జబ్బును పసిగట్టే చిన్న పరికరాన్ని నా ప్రాజెక్టుగా ఎంచుకున్నాను. పొదుగు లోపలి కణజాలం దెబ్బతింటే రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి ఎక్కువగా చేరతాయి కాబట్టి పాల విద్యుత్ వాహకత పెరుగుతుందన్నది దీనికి ఆధారం.

నేను వాడుతున్నది ఏడీ5933 అనే, చిన్న ఏసీ సంకేతం పంపి నిరోధాన్ని కొలిచే చిప్. సరఫరా 3.3 వోల్టులు, చిప్ ఇచ్చే సంకేతం సుమారు 2 వోల్టులు, ఫ్రీక్వెన్సీ 10 కిలోహెర్ట్జ్. పాలలో ముంచే రెండు స్టీలు పలకల సెల్ స్థిరాంకం (నిరోధాన్ని వాహకతగా మార్చే సంఖ్య) 1. సెంటీమీటరుకు 5 మిల్లీసీమెన్ల పాలు ఈ సెల్‌లో 200 ఓమ్‌లుగా కనిపిస్తాయి కాబట్టి 200 ఓమ్‌ల రెసిస్టర్‌తోనే క్యాలిబ్రేషన్ చేశాను.

సమస్య ఇది. ఒకే లోటాలోని పాలను పితికిన వెంటనే 36 డిగ్రీల వద్ద కొలిస్తే 5.3 వచ్చింది, అవే పాలు 29 డిగ్రీలకు చల్లారాక 5.0 వచ్చింది. డిగ్రీకి 2 శాతం లెక్కన రెండింటినీ 25 డిగ్రీలకు సవరిస్తే ఒకే విలువ రావాలి కదా? కానీ మొదటిది 4.34, రెండోది 4.63 అయ్యాయి. సవరణకు ముందు వేడి పాలది పెద్ద సంఖ్య, సవరణ తరువాత చల్లని పాలది పెద్ద సంఖ్య. పైగా మందు కలిపి చేసే సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) అనే పొదుగువాపు పరీక్షలో బాగా జిగురు కట్టిన చన్ను పాలకు, మిగతా మూడు చన్నుల పాలకు మధ్య నా పరికరం 10 శాతం తేడానే చూపుతోంది. పాల ఉష్ణోగ్రత గుణకం 2 శాతం కంటే తక్కువా, లేక నా సర్క్యూట్‌లోనే తప్పు ఉందా?

రేణిగుంట_బోర్డులు:

గుణకం మీద అనుమానం వద్దు. పాలకు డిగ్రీకి 2 శాతం అన్నది సరైన అంచనాయే. తప్పు చిప్‌ను ఎంచుకోవడంలో కాదు, దాన్ని నేరుగా సెల్‌కు కలపడంలో ఉంది. ఆ చిప్ 1 కిలో ఓమ్ నుంచి పైకి కొలవడానికి తయారైనది. మీరు ఎంచుకున్న రేంజ్‌లో దాని అవుట్‌పుట్‌కే లోపల సుమారు 200 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అంటే మీ పాలతో సమానమైన మరో నిరోధం వరుసలో కూర్చుని ఉంది.

200 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినప్పుడు చిప్‌కు నిజంగా ఎదురైనది 400. దాన్ని మీరు 200 అని నమోదు చేశారు కాబట్టి ఆ తరువాత ప్రతిసారీ అది మొత్తంలో సగం చూపిస్తుంది. 5.3 అంటే 189 ఓమ్‌లు, మొత్తం 378, అందులో చిప్ సొంత 200 తీసేస్తే పాలకు మిగిలేది 178, అంటే అసలు వాహకత 5.6. 25 కంటే 11 డిగ్రీలు ఎక్కువ కాబట్టి దాన్ని 1.22తో భాగిస్తే 4.6 వస్తుంది. చల్లారిన పాలది సరిగ్గా క్యాలిబ్రేషన్ చేసిన చోటే పడింది కాబట్టి 5.0 నిజమే, 1.08తో భాగిస్తే అదీ 4.6 వస్తుంది. మీ పాలు నిలకడగానే ఉన్నాయి.

జబ్బు చన్ను విషయంలోనూ ఇదే జరుగుతోంది. వాహకత నిజంగా 25 శాతం పెరిగి 200 ఓమ్‌లు 160కి దిగితే, మీ పరికరం 180 చూపి 11 శాతమే పెరిగిందంటుంది. జబ్బు గుర్తును సగానికి పైగా సర్క్యూట్ మింగేస్తోంది.

చిప్ అవుట్‌పుట్ తరువాత ఒక ఆప్‌యాంప్ బఫర్ పెట్టండి, అప్పుడు చిప్ లోపలి 200 ఓమ్‌లు పాలతో వరుసలో ఉండవు. దానితో పాటు డీసీని ఆపడానికి ఒక కెపాసిటర్ కూడా తప్పనిసరి. పంపే వైపు డీసీ స్థాయి 1.48 వోల్టులు, అందుకునే వైపు సరఫరాలో సగం, అంటే 1.65. ఈ 0.17 వోల్టుల తేడా నేరుగా మీ పలకల మీదే పడి, పాలలో డీసీ పారి, పలకల దగ్గర అయాన్లు పేరుకుంటాయి. అప్పుడు కొలిచే కొద్దీ రీడింగ్ మారుతూ పోతుంది. క్యాలిబ్రేషన్‌ను కూడా ఒక్క రెసిస్టర్‌తో ఆపకుండా 150, 200, 300 ఓమ్‌లతో చేసి చూడండి. ఒక్క బిందువుతో చేసే క్యాలిబ్రేషన్ ఇలాంటి తప్పును పూర్తిగా దాచేస్తుంది.

డయాలసిస్_మరమ్మతులు:

పై సమాధానం సరైనది. నేను తిరుపతిలో డయాలసిస్ యంత్రాల నిర్వహణ చూస్తాను, వాటిలోనూ పనిచేసేది ఇదే సెన్సర్. గాఢ ద్రావణం, శుద్ధి చేసిన నీరు సరైన పాళ్లలో కలిశాయో లేదో వాహకతను బట్టే యంత్రం తెలుసుకుంటుంది. అక్కడ విలువ 14 మిల్లీసీమెన్ల దగ్గర ఉండాలి. హద్దు దాటితే ద్రవం రోగి వైపు వెళ్లకుండా యంత్రం దాన్ని పక్కకు మళ్లించి అలారం మోగిస్తుంది.

ఒకసారి ఒక యంత్రం తెర మీద 14.0 నిలకడగా ఉంది, చేతి మీటరుతో చూస్తే మాత్రం 13.5. సెల్ విప్పి చూస్తే ఎలక్ట్రోడ్‌ల పక్కనున్న, ఉష్ణోగ్రతను కొలిచే థర్మిస్టర్ మీద తెల్లటి సున్నపు పొర కట్టి ఉంది. వాహకత కొలత బాగానే ఉంది, ఉష్ణోగ్రత తప్పడంతో సవరణ తప్పింది. ఆనాటి నుంచి తెర మీది అంకె ఎంత నిలకడగా ఉన్నా, బయటి ప్రామాణికంతో పోల్చనిదే దాన్ని నేను నమ్మను. మీరూ రెసిస్టర్‌లతో ఆగకండి. పొటాషియం క్లోరైడ్ 0.01 మోలార్ ద్రావణం 25 డిగ్రీల వద్ద 1.413, 0.1 మోలార్ ద్రావణం 12.88 మిల్లీసీమెన్లు చూపాలి. మీ పాలు ఈ రెండింటి మధ్యే ఉంటాయి. రెసిస్టర్ సర్క్యూట్‌ను మాత్రమే పరీక్షిస్తుంది, ద్రావణం పలకలను కూడా పరీక్షిస్తుంది.

పాలలో అయితే సున్నానికి తోడు మాంసకృత్తుల పొర కూడా కడుతుంది. వేడి నీళ్లు ముందే పోస్తే అది పలకకు అంటుకుపోతుంది. మొదట గోరువెచ్చని నీటితో, తరువాత క్షారంతో, చివర ఆమ్లంతో కడగండి.

పలమనేరు_పశువైద్యం:

అమ్మా హేమా, ఎలక్ట్రానిక్స్ గురించి వాళ్లు చెప్పినది నేను దిద్దలేను కానీ, పాలు ఎలా తీయాలన్నది చెప్పవలసిన బాధ్యత నాకుంది.

5.5 దాటితే జబ్బు అని ఒక గీత గీసుకుంటే ఏ పరికరమైనా మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవులలోనే వాహకత దాదాపు 4 నుంచి 5.5 వరకు ఉంటుంది. ఈనిన కొత్తలో జున్నుపాలకు ఎక్కువ. వెన్న ఎక్కువైతే రీడింగ్ తగ్గుతుంది, ఎందుకంటే కొవ్వు బిందువుల గుండా కరెంటు పారదు; అందువల్ల ఒకే చన్నులో మొదటి పాలకు, చివరి పాలకు కూడా విలువ మారుతుంది. కాబట్టి ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లటి పళ్లెంలో పట్టి విరుగులున్నాయేమో చూసి, ఆ తరువాతి ధారలను నాలుగు చిన్న కప్పులలో విడివిడిగా పట్టి, వెంటవెంటనే కొలవండి. నాలుగింటిలో అన్నిటికన్నా తక్కువ ఉన్నదాన్ని ఆధారంగా తీసుకుని, మిగతావి దానికంటే ఎంత ఎక్కువో చూడండి. ఒకే ఆవు, ఒకే మేత, ఒకే నిమిషం కాబట్టి మీరు సవరించలేని తేడాలన్నీ చాలా వరకు అక్కడే కొట్టుకుపోతాయి. నాలుగు చన్నులకూ ఒకేసారి జబ్బు చేస్తే మాత్రం ఈ పోలిక పనికిరాదు; దానికోసం ఆ ఆవు పాత రీడింగులు పుస్తకంలో ఉండాలి. మా పుంగనూరు ఆవుల పాలకు వెన్న ఎక్కువని పేరు. వాటి లెక్కలను జెర్సీ లెక్కలతో కలపవద్దు.

సీఎంటీ 1957 నాటిది, అయినా నేటికీ నా సంచిలో ఉంటుంది. ఆ మందు పాలలోని కణాలను (జబ్బు చేస్తే పెరిగేవి, ఎక్కువగా తెల్లరక్త కణాలు) పగలగొట్టి, బయటికి వచ్చిన డీఎన్‌ఏతో జిగురు కట్టేలా చేస్తుంది. అంటే అది కణాలను చూస్తుంది, మీ పరికరం ఉప్పును చూస్తుంది. రెండూ ఒక్కోసారి ఏకీభవించవు. మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటాయా లేదా అన్నది ల్యాబ్‌లో లెక్కపెట్టించి, దానితో పోల్చి మీ హద్దును నిర్ణయించండి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: మీటరు ఎర్ర దీపం చూపిందని రైతు యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించకూడదు. ఆ పాలు కేంద్రానికి వెళతాయి, పిల్లలు తాగుతారు. మీ పరికరం తెర మీద జబ్బు అని కాకుండా, ఈ చన్ను పాలను పరీక్షకు పంపండి అని చూపించండి.

హేమ_చంద్రగిరి:

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. పాత సర్క్యూట్‌లోనే 160 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూశాను, మీరు చెప్పినట్టే 180 చూపింది. బఫర్, కెపాసిటర్ పెట్టి మళ్లీ క్యాలిబ్రేషన్ చేశాక 161 వచ్చింది. ఈ ఉదయం మా అమ్మ పితుకుతుండగా నాలుగు కప్పులలో పట్టి కొలిచాను. సీఎంటీలో జిగురు కట్టిన ఎడమ వెనుక చన్ను, అన్నిటికన్నా తక్కువ ఉన్నదాని కంటే 23 శాతం ఎక్కువ చూపింది. ఆ పాలను ల్యాబ్‌కు పంపాను. పొటాషియం క్లోరైడ్ ద్రావణాలు సోమవారం మా కళాశాల ల్యాబ్‌లో తయారుచేసుకుంటాను. తెర మీది మాటను కూడా పశువైద్యులు గారు చెప్పినట్టే మార్చాను.