ఇంట్లో తయారు చేసుకునే ట్రైలర్‌కు ఇరుసు ఎక్కడ బిగించాలి?

కారు వెనుక తగిలించుకొని ఇసుక, కలప, అవసరమైతే మోటార్ సైకిల్ కూడా తీసుకువెళ్లేలా, పక్క పలకలు ఊడదీయడానికి వీలున్న ఒంటి ఇరుసు ట్రైలర్‌ను స్వయంగా తయారు చేసుకోవాలనుకుంటున్నాను. తొట్టి పొడవు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు. సరుకుతో కలిపి మొత్తం బరువు 750 కిలోలు మించకూడదని నా ఉద్దేశం. చట్రానికి ఇనుప చానెల్, అడుగున ప్లైవుడ్ వాడతాను. వాటి గురించి పెద్దగా సందేహం లేదు.

నా సందేహమంతా ఇరుసు గురించే. మొత్తం బరువులో సుమారు 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే చోటు) మీద పడాలని, బాగా తగ్గితే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుందని, మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుందని చదివాను. అందుకే ఇరుసును తొట్టి మధ్యభాగానికి కాస్త వెనుకగా జరపాలనుకుంటున్నాను. అయితే ఇసుక తొట్టి అంతటా సమంగా పరుచుకుంటుంది, మోటార్ సైకిల్‌ను మాత్రం ముందుకో వెనక్కో జరిపి కట్టాల్సి వస్తుంది. రెండింటికీ సరిపోయే చోటును ఎలా లెక్కకట్టాలి? కమాన్ పట్టీల (ఇరుసుకూ చట్రానికీ మధ్య ఉండే స్ప్రింగుల) బ్రాకెట్లను ముందే వెల్డింగ్ చేయకుండా, బోల్టులతో తాత్కాలికంగా పట్టించి, హిచ్ దగ్గర బరువు తూచి చూశాక శాశ్వతంగా బిగించడం మంచిదేనా? బోల్టులే ఉంచేస్తే కుదుపులకు వదులవుతాయా? ఇటువంటి ట్రైలర్‌ను సరుకుతో నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.