పద్య నాటకానికి ఒడియా అమ్మాయిని తీసుకెళ్లొచ్చా?

పర్లాకిమిడి శీను:
శనివారం రాత్రి పాతపట్నం దగ్గర ఒక ఊళ్లో హరిశ్చంద్ర ఆడుతున్నారు. నాన్నకి పద్యాలంటే ప్రాణం, వెళ్లి తీరాలంటున్నాడు. చిక్కల్లా మా ఆవిడతోనే. వాళ్లది ఛత్రపురం, ఒడియా వాళ్లు, తెలుగు గలగలా మాట్లాడేస్తుంది గానీ పద్యమంటే బెదురు. కిందటేడు ఒకాయన ఒక్క పద్యానికి పావుగంట రాగం తీస్తే ఈవిడ ఫోన్లోంచి తలెత్తలేదు. తీసుకెళ్లనా, మానేయనా?

హార్మోనియం బాబాయ్:
తీసుకెళ్లు బాబూ, కానీ మొదట్నుంచీ కూర్చోబెట్టకు, కాటి సీను టైముకి వెళ్లండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిందే అయినా ఆ సీన్లో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా కలిపి పాడతారు, సగం జనం వాటికోసమే మేలుకుని ఉంటారు. డి.వి. సుబ్బారావు గారు పాడినవి యూట్యూబ్‌లో ఉన్నాయి, రెండు రోజులు ముందుగా వినిపించి అర్థం చెప్పు. ఇంకోమాట, కాంట్రాక్టు నాటకమైతే, అంటే నటుల్ని విడివిడిగా మాట్లాడి తెచ్చేదైతే, వారణాసి సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకి ఇంకొకడు వస్తారు. అదీ ముందే చెప్పు, లేకపోతే మొగుడు మారిపోయాడేంటి అంటుంది.

గంజాం గుంటడు:
ఛత్రపురం పిల్లకి పద్యం చూసి భయమా? మా గంజాం జిల్లాలో ఆడే ఒడియా ప్రహ్లాద నాటకం ఎప్పుడైనా చూసిందేమో అడగండి. జలంతర సంస్థానం రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉన్న నాటకం, అదీ తెల్లవార్లూ పాటలే. హిరణ్యకశిపుడు మెట్ల మంచె మీద ఎక్కుతూ దిగుతూ గంతులేస్తాడు, ఆఖర్న నరసింహుడి ముసుగు తగిలించుకున్నవాడికి పూనకం వస్తే నలుగురు పట్టుకోవాలి. నన్నడిగితే హరిశ్చంద్ర కన్నా అదే చూడాలి, కాకపోతే నాది సొంతూరి పక్షపాతం అనుకోండి.

వన్స్‌మోర్ వద్దు:
రాగం ఎంతసేపు తీశాడన్నది కాదండీ, తీశాక పద్యంలో ఆఖరి మాట మనకి వినపడిందా లేదా చూడండి. వినపడకపోతే లేచి వచ్చేయడమే. తాగి వన్స్‌మోర్ అని అరిచే బ్యాచ్‌కి దూరంగా, హార్మోనియం ఉన్న వైపు కూర్చోండి. స్పీకరు ముందు మాత్రం వద్దు, మా మావయ్యకి రెండ్రోజులు చెవి దిబ్బడేసింది.

పర్లాకిమిడి శీను:
అడిగాను. చిన్నప్పుడు మంచె కింద నిద్రపోతే నరసింహుడు వచ్చేటప్పుడు వాళ్లమ్మ లేపేదట! పెళ్లై నాలుగేళ్లయింది, నాకెప్పుడూ చెప్పలేదు. వస్తానంది. చంద్రమతులు కూడా ఇద్దరు వస్తారా అని అడుగుతోంది, బాబాయ్ చెప్పాలి.