అప్‌డేట్: మా అమ్మాయిని గైడ్స్‌లో చేర్పించాం

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి జవాబు తెలిసినా చెయ్యెత్తదు, ఏం చేయాలని జూన్‌లో అడిగాను కదా. మీలో చాలామంది చెప్పినట్టే స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లల విభాగమైన గైడ్స్‌లో చేర్పించాం. మాది గుంటూరు.

అక్కడ ఆరు నుంచి ఎనిమిది మందిని ఒక ప్యాట్రోల్ (చిన్న జట్టు) అంటారు, వాళ్లలోనే ఒకరు లీడర్. పెద్దవాళ్లు పక్కనుంటారు గానీ పనంతా పిల్లలదే. మొదటి నెల వెళ్లనని ఏడ్చింది. నాకూ టెన్షనే, మానిపించేద్దామనుకున్నాను.

మొన్న కొండవీడు కోటకు వెళ్లినప్పుడు లీడర్ వంతు తనకొచ్చింది. ఎక్కడ ఆగాలి, నీళ్లు ఎవరు మోయాలి, అన్నీ తనే చెప్పింది. ఒకమ్మాయి మాట వినకపోతే అరవకుండా పక్కకు తీసుకెళ్లి మాట్లాడిందట. అన్నం తింటూ ఈ ఒక్క సంగతే మూడుసార్లు చెప్పింది.

క్లాసులో చెయ్యెత్తడం ఇంకా తక్కువే. కానీ నిన్న కిరాణా కొట్టులో చిల్లర తక్కువిస్తే, నా వైపు చూడకుండా తనే అడిగి తీసుకుంది.