నైజీరియా సూపర్ ఫాల్కన్స్: బాకీ కోసం హోటల్లో బైఠాయించడం తప్పా?

కార్నర్‌కిక్:
2025 జూలై 26, రబాత్. ఆఫ్రికా మహిళల ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. ప్రత్యర్థి మొరాకో, ఆడేది వాళ్ల సొంతగడ్డ మీద. అరగంట తిరక్కముందే నైజీరియా మహిళల జట్టు, సూపర్ ఫాల్కన్స్, 0-2తో వెనకబడింది. రెండో సగంలో ఒకొరొంక్వో పెనాల్టీ కొట్టింది, ఇజామిలుసి స్కోరు సమం చేసింది, 88వ నిమిషంలో ఎచెగిని మూడోది వేసింది. 3-2. సూపర్ ఫాల్కన్స్‌కి పదో టైటిల్.

ఇంత గొప్ప జట్టు చరిత్ర చదువుతుంటే గోల్స్ ఎన్ని కనిపిస్తాయో బాకీలూ అన్నే కనిపిస్తున్నాయి. 2004లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచి, బోనస్ ఇచ్చేదాకా హోటల్ ఖాళీ చేసేది లేదన్నారు. 2016లో కామెరూన్‌ను వాళ్ల యావుండేలోనే ఓడించి వచ్చి, అబుజాలో ప్లకార్డులు పట్టుకుని పార్లమెంటు దాకా నడిచారు. 2019 ప్రపంచకప్పులో జర్మనీ చేతిలో ఓడాక ఫ్రాన్స్ హోటల్లో కూర్చున్నారు, 2016 నాటి బాకీలు కూడా ఇంకా రాలేదని. 2022లో మొరాకోలో ప్రాక్టీసు మానేశారు.

నా వాదన ఒక్కటే. ఈ జట్టు పట్టు సడలిన ప్రతిసారీ కారణం జట్టుని నడిపే వాళ్ల ఫుట్‌బాల్ ఫెడరేషనే. 2016 చివర్లో ఆఫ్రికా చాంపియన్లయ్యారు కదా, 2017 మొత్తం మీద వాళ్లకి ఒక్క మ్యాచ్ కూడా పెట్టలేదు. 2018 ఏప్రిల్లో తీసుకెళ్లి ఫ్రాన్స్ ముందు నిలబెడితే లె మాన్‌లో 8-0తో ఓడారు. మీరేమంటారు?

విశ్రాంత_పీఈటీ:
ముందు లెక్క సరిగా రాయండి. పది కాదు, పన్నెండు. 1991లో ఘనాను 5-1తో కొట్టి మొదలుపెట్టి, ఫైనల్లో కామెరూన్‌ను 2-0, 4-0తో ఓడించారు. 1995లో దక్షిణాఫ్రికాను 4-1, 7-1తో. ఆ రెండూ ఏమైపోయాయి?

కార్నర్‌కిక్:
మాస్టారూ, అవి ప్రపంచకప్పు అర్హత పోటీలు. ఇంటా బయటా ఆడినవి. 1991లో పేరిచ్చి కూడా చాలా దేశాలు రాలేదు. ఒకే దేశంలో అందరూ చేరి ఆడిన టోర్నమెంట్ 1998లో నైజీరియాలోనే మొదలైంది. పది అనేది అక్కడి నుంచి వేసిన లెక్క.

విశ్రాంత_పీఈటీ:
రానివాళ్లది తప్పు గానీ వచ్చి ఆడినవాళ్లది తప్పెలా అవుతుంది? ఆ 1991 జట్టే చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచకప్పుకి వెళ్లింది. జర్మనీ, ఇటలీ, చైనీస్ తైపీ, ముగ్గురి చేతిలోనూ ఓడారు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. 1995లో నార్వే చేతిలో 0-8. అయినా అదే వరసలో కెనడాతో 3-3 ఆడారు. 1999కల్లా క్వార్టర్ ఫైనల్. ఇవాళ్టిదాకా జరిగిన తొమ్మిది ప్రపంచకప్పుల్లో ఒక్కటీ వదలని ఆఫ్రికా జట్టు ఇదొక్కటే. పునాది వేసినవాళ్ల రెండు టైటిళ్లు తీసేసి పదో టైటిల్ అంటూ పండగ చేస్తే నేను ఒప్పుకోను.

ఏలూరు_రాజు:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. అడిగింది బోనస్ గురించి కదా.

మిడ్‌ఫీల్డ్_మూర్తి:
ఫెడరేషన్ ఒక్కదాని మీదే నెట్టేయకండి. మిగతా దేశాలు ఎదిగాయి. 1998లో ఇదే నైజీరియా ఇదే మొరాకోని 8-0తో కొట్టింది. ఆ మొరాకో అమ్మాయిల లీగుని ప్రొఫెషనల్ చేసి, డబ్బు పెట్టి, 2023 ప్రపంచకప్పులో ప్రీక్వార్టర్స్‌కి చేరింది. 2022లో కప్పు దక్షిణాఫ్రికాకి వెళ్లింది. అంతకుముందు 2008లో, 2012లో ఈక్వటోరియల్ గినీ ఎత్తుకుపోయింది. ఒకళ్లే ఎల్లకాలం గెలవాలంటే ఎలా?

కార్నర్‌కిక్:
మూర్తి గారూ, మీరన్నదే నా వాదన కూడా. మొరాకో డబ్బు పెట్టింది, ఎదిగింది. నైజీరియా పెట్టలేదు.

విశ్రాంత_పీఈటీ:
బోనస్ సంగతికే వస్తాను. పన్నెండు టైటిళ్ల జట్టుకి ఈ హోటల్ ధర్నాలు శోభనివ్వవు. 2022లో ఏమైంది? మూడో స్థానం మ్యాచ్ ముందు ప్రాక్టీసు మానేశారు, జాంబియా చేతిలో 0-1తో ఓడారు. దేశం చొక్కా వేసుకున్నాక ఆట ముందు, మిగతాది తర్వాత. నేను ముప్పై ఏళ్లు ఆడపిల్లలకి ఆట నేర్పాను. బోనస్ అనే మాట నా గ్రౌండులో ఎవరి నోటా వినలేదు.

కార్నర్‌కిక్:
వరస తప్పుతున్నారు మాస్టారూ. 2004లో, 2016లో గెలిచాకే అడిగారు. 2019లో టోర్నీ నుంచి బయటికొచ్చాక. 2022లో కూడా సెమీఫైనల్ అయిపోయాకే. ఆ సెమీస్‌లో ఇద్దరికి రెడ్ కార్డులు పడితే తొమ్మిది మందితో మొరాకోని 1-1 దగ్గర ఆపి, పెనాల్టీల్లో 4-5తో ఓడారు. అలా ఆడినవాళ్లకి క్రమశిక్షణ లేదంటారా?

దక్షిణాఫ్రికా సంగతి కూడా చూడండి. 2023 ప్రపంచకప్పు ముందు డబ్బు గొడవలో అసలు జట్టు బోట్స్‌వానాతో మ్యాచ్ ఆడనంది. అప్పటికప్పుడు పోగుచేసిన జట్టుని దింపితే 0-5తో ఓడింది. గొడవ తేలాక అదే అసలు జట్టు ఇటలీని 3-2తో ఓడించి ప్రీక్వార్టర్స్ చేరింది. మరి అడిగినందుకు ఆట ఎక్కడ చెడింది?

లాగోస్‌వాసి:
ఉద్యోగరీత్యా లాగోస్‌లో ఉంటున్నాను. ఒక్క సంగతి. 2025 నవంబరులో మగవాళ్ల జట్టు సూపర్ ఈగల్స్ కూడా గాబన్‌తో మ్యాచ్‌కి ముందు బాకీల కోసమే ప్రాక్టీసు మానేసింది. ఆ వెంటనే ఆడి 4-1తో గెలిచింది. 2014 ప్రపంచకప్పులో ఫ్రాన్స్‌తో మ్యాచ్ ముందూ అంతే. ఇది ఆడవాళ్ల ఒక్కళ్ల గొడవ కాదు. తేడా ఎక్కడంటే, ఈగల్స్‌లో చాలామందికి యూరప్ క్లబ్బుల జీతాలున్నాయి, బోనస్ రాకపోయినా ఇల్లు గడుస్తుంది. సొంత దేశం లీగులో ఆడే అమ్మాయికి ఆ బోనస్సే ఏడాది ఆదాయం.

విశ్రాంత_పీఈటీ:
మగవాళ్లు చేశారని తప్పు ఒప్పవుతుందా?

నంబర్_7:
నిన్నటి సంది చదువుతున్న. ఇగ రాయక తప్పట్లేదు.

నేను జిల్లాకు, తర్వాత రాష్ట్రానికి జూనియర్స్ ఆడిన. పోటీలకు రైల్ల పోయేటోళ్లం, రిజర్వేషన్ లేకుండ, బాత్రూంల పక్కన పేపర్ పరుచుకొని. తిరిగొచ్చినంక టీఏ, డీఏ అని వోచర్ మీద సంతకం పెట్టమనేటోళ్లు. పేరు ఉండేది, తారీఖు ఉండేది, రెవెన్యూ స్టాంపు అంటించి ఉండేది. పైసలు రాసే కాడ మాత్రం ఏమీ ఉండకపోయేది. సంతకం పెట్టినంక చేతుల వంద రూపాయలు పెట్టిన్రు ఒకసారి. ఇంకోసారి అదీ లేదు. నా మోకాలు లిగమెంట్ తెగింది కూడ గసొంటి పోటీలనే. ఆపరేషన్‌కు మా బాపు బర్రెలను అమ్మిండు.

సార్, మీ గ్రౌండుల ఎవ్వరూ అడగలే అంటున్నరు. అడిగితే పేరు కొట్టేస్తరని మాకు తెలుసు. గందుకే అడగలే.

ఏలూరు_రాజు:
చాలా బాధగా ఉంది చెల్లెమ్మా.

విశ్రాంత_పీఈటీ:
అమ్మా, నీకు జరిగింది అన్యాయం. కానీ అందరినీ ఒకే గాటన కట్టొద్దు. నా పిల్లలకి బూట్లు నా జీతంలోంచి కొన్నాను. రాష్ట్ర పోటీలకి తీసుకెళ్లడానికి సొసైటీలో అప్పు చేశాను, పదవీ విరమణ దాకా కట్టాను. అలాంటిది ఒకరోజు ఒక తండ్రి వచ్చి, స్టాఫ్ రూములో అందరి ముందు, "మా పిల్ల పేరు మీద వచ్చిన డబ్బు ఏం చేశారు సార్" అన్నాడు. వచ్చిన డబ్బేమీ లేదు. నా డబ్బే పోయింది. ఆ తర్వాత ఆటల పోటీలకి ఆడపిల్లల్ని తీసుకెళ్లడమే మానేశాను. ఎవరు నష్టపోయారు? పిల్లలే.

అందుకే చెబుతున్నాను, ఆటలోకి డబ్బు లెక్క వస్తే నమ్మకం పోతుంది. నైజీరియాలోనూ జరిగింది అదే.

నంబర్_7:
సార్, గదే మీకూ నాకూ తేడా. లెక్క అడిగితే మీకు అనుమానించినట్టు అనిపిస్తది. లెక్క లేకుంటే నాకు అనుమానమొస్తది.

ఆ తండ్రికి మీరు అప్పు జేసిన సంగతి ఎట్ల తెలుస్తది? ఎవరన్న చెప్పిన్రా? గోడకు ఒక కాయితం అంటిస్తే అయిపోవు, ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, మిగిలింది మాస్టారు సొంతం అని. ఆయన మీ కాళ్లు మొక్కేటోడు.

విశ్రాంత_పీఈటీ:
చేసిన సాయానికి గోడ మీద కాగితం అంటించుకోవాలా? ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?

నంబర్_7:
నోరుంది గాబట్టి వచ్చింది సార్. అప్పుడు లేకుండె.

మిడ్‌ఫీల్డ్_మూర్తి:
మాటలు పెరుగుతున్నాయి. ఆట మీదకి వద్దాం.

కార్నర్‌కిక్:
లేదు మూర్తి గారూ, ఇప్పుడే అసలు విషయం మీదకి వచ్చాం. సూపర్ ఫాల్కన్స్ గొడవ కూడా ఇదే. 2023 ప్రపంచకప్పు ముందు వాళ్ల కోచ్ రాండీ వాల్డ్రమ్, అమెరికన్, బయటపడి అడిగాడు: సన్నాహాల కోసం ప్రతి దేశానికీ ఫిఫా 9,60,000 డాలర్లు ఇచ్చిందే, మాది ఎక్కడ? తన జీతం కూడా నెలల తరబడి రాలేదన్నాడు. ఫెడరేషన్ ప్రతినిధి లెక్క చూపించడం మానేసి ఆ కోచ్‌నే తిట్టాడు.

ఆ జట్టు ఆ ప్రపంచకప్పులో ఎలా ఆడిందో చూడండి. ఒలింపిక్ చాంపియన్ కెనడాతో 0-0, కెనడా కెప్టెన్ సింక్లెయిర్ పెనాల్టీని మన గోల్‌కీపర్ కాదు, నైజీరియా గోల్‌కీపర్ చియమాక నడోజీ ఆపింది. ఆస్ట్రేలియాని వాళ్ల బ్రిస్బేన్‌లోనే 3-2తో ఓడించారు. ఐర్లాండ్‌తో 0-0. ఇంగ్లండ్‌తో 120 నిమిషాలూ 0-0, పెనాల్టీల్లో 2-4. ఆటలో ఎవరి చేతిలోనూ ఓడకుండా ఇంటికి వచ్చారు. లెక్క అడిగిన జట్టే ఇలా ఆడింది మాస్టారూ.

ఇంకోటి. ఫిఫా ఆ ఏడాదే మొదటిసారి ఒక్కో ఆటగత్తెకి ఇంత అని విడిగా రాసింది. గ్రూపు దశకి 30,000 డాలర్లు, ప్రీక్వార్టర్స్ చేరితే 60,000. దేశదేశాల క్రీడాకారిణులు గొంతెత్తి అడిగితేనే ఆ అంకె కాగితం మీదకి వచ్చింది.

విశ్రాంత_పీఈటీ:
1999 జట్టు సంగతి చెబుతాను. బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్, మొదటి సగానికే 0-3. ఇంకో జట్టయితే చేతులెత్తేసేది. ఎమెయాఫు ఒకటి, ఒకోసియెమె ఒకటి, 85వ నిమిషంలో ఎగ్బె మూడోది. 3-3. అదనపు సమయంలో బ్రెజిల్ సిసీ ఫ్రీకిక్ గోల్లో పడింది, ముందు గోల్ కొట్టినవాళ్లే గెలిచినట్టనే అప్పటి గోల్డెన్ గోల్ నియమం ప్రకారం అక్కడితో ఆట అయిపోయింది. ఏ లెక్కా చూసుకోకుండా ఆడితేనే అలాంటి ఆట వస్తుందని నేను నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

నంబర్_7:
వాళ్లు లెక్క చూసుకోలేదని మీకెవరు చెప్పిన్రు సార్? మైదానంల ఎవ్వలూ చూసుకోరు. నేను కూడ మోకాలు పోయేదాక పైసల గురించి సోచాయించలే. ఆట అయిపోయినంక, రూముకు వచ్చినంక, ఇంటికి ఫోన్ జేసినప్పుడు గుర్తొస్తది.

మా నిజామాబాద్ జిల్లా పిల్ల సౌమ్య గుగులోతు ఇప్పుడు ఇండియాకు ఆడుతున్నది. తండాల పుట్టిన పిల్ల. ఆమెను చూసి ఎంతమంది చిన్నపిల్లలు బూట్లు కట్టుకుంటున్నరో. వాళ్లకు కూడ ఖాళీ వోచరే ఇస్తరా?

లాగోస్‌వాసి:
2025లో గెలిచి రాగానే అధ్యక్షుడు టినుబు ఒక్కో క్రీడాకారిణికి లక్ష డాలర్లకి సమానమైన మొత్తం, మూడు పడగ్గదుల ఫ్లాటు, జాతీయ పురస్కారం ప్రకటించాడు. అదే వారంలో ఇక్కడ నర్సులు సమ్మెలో ఉన్నారు. ఆటకి ఇంత, ఆసుపత్రికి ఏమీ లేదా అని జనం గట్టిగానే అడిగారు. నాకు ఆ అమ్మాయిల మీద ఫిర్యాదు లేదు. కానీ ఇరవై ఏళ్లు వేళకి బోనస్ ఇవ్వకుండా ఒకరోజు ఇల్లు ఇస్తానంటే, అది కానుక అవుతుంది గానీ జీతం కాదు. కానుక ఇచ్చినవాడు రేపు ఆపేయగలడు.

మిడ్‌ఫీల్డ్_మూర్తి:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బులో కొంత వాళ్ల దేశం లీగుకి పోయుంటే ఇంకా బాగుండేది.

విశ్రాంత_పీఈటీ:
టోర్నమెంట్ మధ్యలో ప్రాక్టీసు మానడాన్ని ఎన్ని చెప్పినా ఒప్పుకోను. అయిపోయాక అడిగితే అడగనీ.

అమ్మా, నంబర్ సెవెన్, ఆ సొసైటీ అప్పు రసీదులు, బూట్ల బిల్లులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఎవరికీ చూపించలేదు. ఫొటో తీసి ఇక్కడ పెట్టమంటావా?

నంబర్_7:
పెట్టున్రి సార్. చూస్త.