అప్‌డేట్: "ఓపెన్ ద లైట్" గొడవ ఓ కొలిక్కి వచ్చింది

పోయిన నెల అడిగాను కదా: సింగపూర్‌లో మా ఆఫీసులో చైనా నుంచి వచ్చిన అమ్మాయికి ఇంగ్లీషు నేర్పుతున్నాను, లైటు వేయమనడానికి "ఓపెన్ ద లైట్" అంటుంది, ఎన్నిసార్లు దిద్దినా మారదు అని. "చైనీస్‌లో ఏ మాట వాడుతుందో ముందు అడుగు" అన్నారు మీలో ఒకరు. అడిగాను.

అంతా "ఖాయ్" మహిమ. తలుపు తీయడం ఖాయ్. లైటు వేయడం, కారు నడపడం, మీటింగు పెట్టడం, పువ్వు విచ్చుకోవడం కూడా ఖాయే. నీళ్లు మరిగితే "ష్వే ఖాయ్ ల" అంటారట! పాత లిపిలో ఆ అక్షరాన్ని కాగితం మీద రాసి చూపించింది: రెండు రెక్కల వాకిలి, లోపల గడియ తీస్తున్న చేతులు. ఇప్పటి సరళ లిపిలో వాకిలి ఎగిరిపోయింది, గడియ, చేతులే మిగిలాయి.

రూల్ చెప్పడం మానేసి ఒక బొమ్మ గీశాను. టీవీ వెనక స్క్రూలు విప్పుతున్న మనిషి. "ఇదీ ఓపెన్ ద టీవీ" అన్నాను. పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి స్విచ్ ఉన్నవాటికి, కుళాయికి "టర్న్ ఆన్" అంటోంది. కారుకి "డ్రైవ్", మీటింగుకి "హ్యావ్". ఫైలు, యాప్ మాత్రం ఓపెనే, అక్కడ మళ్లీ కాస్త తికమక పడింది.

ఇంకో చిక్కు, ఇక్కడి సింగ్లిష్‌లో (సింగపూర్ వాళ్లు మాట్లాడే వాడుక ఇంగ్లీషులో) కూడా "ఓపెన్ ద లైట్" మామూలే. క్యాంటీన్‌లో విన్నదల్లా నాకే అప్పజెబుతోంది.