ద్వారం వారు ముందు విద్వాంసులా, గురువా?

రిషభం:
ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరెత్తితే అందరూ సోలో కచేరీల దగ్గరే ఆగిపోతారు. 1938లో వేలూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. కాదనను. కానీ 1919లోనే, ఇరవై ఆరో ఏట, విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులయ్యారే, దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నా లెక్కలో ఆయన అసలు పని అదే.

కమాను:
గురువు గొప్పతనం శిష్యుల్లో కనబడాలి కదండీ. ఆయనంత స్థాయిలో సోలో వాయించిన శిష్యుణ్ణి ఒక్కరిని చూపించండి. కాలేజీ ఉద్యోగం చాలామందే చేశారు.

రిషభం:
సోలో వాయిస్తేనే శిష్యుడా? ఆ కళాశాలలోనే ద్వారం నరసింగరావు నాయుడు గారు పాఠం చెప్పారు. ఆయన దగ్గర 1940లో చేరిన కుర్రాడు నేదునూరి కృష్ణమూర్తి. ఫిడేలూ నేర్చుకున్నాడు, గాత్రమూ నేర్చుకున్నాడు, చివరికి గాయకుడయ్యాడు. నాకు ఇందులో వింతేమీ లేదు. మొదటి పాఠాలైన సరళీ వరుసలు మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, వాయించేటప్పుడు నాలుగు స్వరాలు కమాను (ఫిడేలు మీద లాగే పుల్ల) ఒక్క లాగులో పడాలి. మణికట్టు బిగిసిందా, నాలుగూ విడివిడిగా గీకినట్టు వినిపిస్తాయి. అదే వరుస ముందు నోటితో పాడి వచ్చినవాడికి ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలుసు, కమానూ అక్కడే తిరుగుతుంది. ఫిడేలు పాఠం సగం గాత్రపాఠమే.

అనుమంద్రం:
నేదునూరి వారి బాణీ గాత్ర విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారిది. పాట ఆయన దగ్గరే పదునెక్కింది. పైగా నరసింగరావు గారి కష్టాన్ని తీసుకెళ్లి వెంకటస్వామినాయుడు గారి ఖాతాలో వేస్తే ఎలా?

రిషభం:
ఆ మాట ఒప్పుకోవాల్సిందే, బాణీ పినాకపాణి గారిదే. నేను చెప్పేది పునాది గురించి. ఆ కుర్రాడు చేరేనాటికి కళాశాల ప్రిన్సిపాల్ వెంకటస్వామినాయుడు గారే. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ఆ కుర్చీ ఆయనకు వచ్చింది. ఫిడేలంటే పక్కవాద్యం, గాయకుడి వెనకాల నడవాల్సిందే అనుకునే రోజులవి. అలాంటి రోజుల్లో ఒక ఫిడేలు విద్వాంసుడికి కళాశాల పగ్గాలివ్వడం చిన్న విషయమా?

కమాను:
చిన్న విషయం కాదు. అయినా సోలో కచేరీలతో వచ్చిన పేరే లేకపోతే ఇవాళ ఆయన పాఠాల గురించి మనం కొట్లాడుకునేవాళ్లమా?

అనుమంద్రం:
కొట్లాడేవాళ్లం కాదు. పాఠం చెప్పినవాళ్లని రికార్డు చేసిందెవరు? వేదిక మీద వాయించింది మిగిలింది, తరగతిలో వాయించింది మిగల్లేదు. అంతమాత్రాన మొదటిదే ఎక్కువని ఎలా తేలుస్తారు?