నీలం పోర్టులో పెట్టినా 38 ఎంబీ దాటట్లేదు, డిస్క్ పోతోందా?

ఒంగోలు పెళ్లి వీడియో:
ముహూర్తాల సీజన్‌లో రోజూ రాత్రి 120 జీబీ దాకా సిస్టమ్‌లోంచి బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి. సీపీయూ ముందువైపు నీలం పోర్టులోనే, అంటే స్పీడుగా పోయే యూఎస్‌బీ 3 దాంట్లోనే పెడుతున్నా. కాపీ విండోలో సెకనుకు 38 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలబడిపోతుంది, గంట దగ్గర పడుతోంది. డిస్క్ అట్టపెట్టె మీదేమో 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు) అని ఉంది. డిస్క్ పోయే ముందు ఇట్టాగే అవుతుందని పక్క షాపతను అన్నాడు. జనాల పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి, ఒకటే టెన్షన్.

కొండపి కుర్రాడు:
పళ్లెం తిరగని స్పీడు డిస్క్, అదే ఎస్‌ఎస్‌డీ కొనేయ్ అన్నా, గొడవ వదిలిపోద్ది.

కావలి సర్వీస్ షాపు:
ఎస్‌ఎస్‌డీ కొన్నా ఆ పోర్టులో 38 ఏ వస్తుంది, డబ్బులు దండగ.

తమ్ముడూ, పోయే డిస్క్ ఒక్క తీరున నడవదు. స్పీడు ఎగిరెగిరి పడుతుంది, మధ్యలో సున్నాకొచ్చి ఆగిపోతుంది. నీది గీత గీసినట్టుంది కాబట్టి అనుమానం డిస్క్ మీద కాదు, దారి మీద, అంటే వైరు, పోర్టు మీద. పాత రకం యూఎస్‌బీ 2.0 అంటే సెకనుకు 480 మెగాబిట్లు. 8తో భాగిస్తే 60 మెగాబైట్లు. అందులో పైఖర్చులు పోను చేతికొచ్చేది 35 నుంచి 40. నీ 38 అదే. పెట్టె మీది 5 జీబీపీఎస్ కూడా దారి కొలతే. లోపల పళ్లెం తిరిగే డిస్క్ 100, 130 ఇచ్చిందంటే చాలు, అంతకు మించి ఆశపడొద్దు.

ముందు వైరు చూడు. డిస్క్ వైపు పిన్ను వెడల్పుగా, రెండు ముక్కలు అతికించినట్టు ఉండాలి. పాత ఫోన్ చార్జర్ పిన్ను కూడా అందులో ఒక పక్క దూరుతుంది, పని కూడా చేస్తుంది, కానీ 2.0 లోనే. సిస్టమ్ వైపు పిన్నులోకి లైటు వేసి చూస్తే ముందు 4 రేకులు, లోపలికి ఇంకో 5 కనపడాలి. తర్వాత అదే వైరు సీపీయూ వెనక నీలం పోర్టులో పెట్టి, ఒకే పెద్ద వీడియో ఫైలు కాపీ చెయ్. వేల ఫొటోలతో టెస్ట్ చేస్తే ఏ పోర్టయినా నత్తనడకే.

యూఎస్‌బీ డివైస్ ట్రీ వ్యూయర్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో డిస్క్ ఎదురుగా హై స్పీడ్ అని ఉంటే 480, సూపర్ స్పీడ్ అని ఉంటే 5 జీబీపీఎస్.

ఒంగోలు పెళ్లి వీడియో:
వైరుకి 9 రేకులూ ఉన్నాయన్నా. వెనక పోర్టులో 118 వచ్చింది! ముందుదాంట్లో మాత్రం హై స్పీడ్ అనే చూపిస్తోంది. ఏంది కథ?

కావలి సర్వీస్ షాపు:
ప్లాస్టిక్ నీలం రంగుదైతే సరిపోదు. కరెంటు తీసేసి పక్క మూత విప్పు. ముందు పోర్టు నుంచి వచ్చే లావు వైరు 19 పిన్నుల సాకెట్లోకి పోవాలి. కొందరు దానికి చిన్న కన్వర్టర్ తగిలించి 9 పిన్నుల 2.0 దాంట్లో పెట్టేస్తారు. బోర్డు మీద 19 పిన్నులది ఖాళీగా ఉంటే అందులోకి మార్చు. గాడి చూసుకుని నిదానంగా దించు, ఆ పిన్నులు ఊరికే వంగిపోతాయి.

ఒంగోలు పెళ్లి వీడియో:
అచ్చం అట్టాగే ఉందన్నా, కన్వర్టర్‌తో సహా. మార్చేశా, ముందు కూడా 116. మొత్తం 20 నిమిషాల్లోపే అయిపోయింది. కాకపోతే కాపీ అయ్యేటప్పుడు వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పోతోంది, ఇంతకుముందు లేదిది.

కావలి సర్వీస్ షాపు:
మౌస్ రిసీవర్ డిస్క్ పక్క పోర్టులోనే ఉందా? యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుడుతుంది, మౌస్‌దీ అదే బ్యాండు. రిసీవర్‌ని దూరంగా వేరే పోర్టులో పెట్టు.